మూడు లవకుశలు

ఈ ప్రత్యేక సంచికలో సినిమా గురించి వ్యాసమేమిటని కొందరు సభ్యులు ముఖం చిట్లించవచ్చు. డి.ఏ. బకాయిలు, ఆరోగ్య కార్డులు, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించి వ్రాయడానికి మన కార్యదర్శి గారున్నారు. నేను వ్రాయదలచినది ఒక కథ గురించి. ఆ కథను తెలుగువాళ్ళు 77 ఏళ్ళలో మూడుసార్లు పాటలతో, పద్యాలతో తెర మీదికి ఎక్కించారు. 1934లో ‘లవకుశ’, 1963లో ‘లవకుశ’, 2011లో ‘శ్రీరామరాజ్యం’. మూడవది వచ్చినప్పుడు మన వయసువాళ్ళు చాలామంది “ఆ పాతదాన్ని మళ్ళీ తీయడమేమిటి, చేతులు కాల్చుకోవడానికి కాకపోతే” అన్నారు. ఇప్పటికీ అంటూనే ఉన్నారు. ఆ మాట ఎంతవరకు న్యాయమో కొంచెం వివరంగా చూడాలని నా ఉద్దేశం.

ముందుగా ఒక సంగతి. మనం నెత్తిన పెట్టుకునే 1963 నాటి లవకుశ కూడా అసలు కాదు. అదీ తిరిగి తీసినదే. మొదటి లవకుశను చిత్తజల్లు పుల్లయ్య గారు కలకత్తాలో ఈస్టిండియా ఫిలిం కంపెనీకి 1934లో తీశారు. పారుపల్లి సుబ్బారావు గారు రాముడు, సీనియర్ శ్రీరంజని గారు సీత. తెలుగు టాకీ పుట్టి అప్పటికి మూడేళ్ళు కూడా నిండలేదు. నేపథ్య గానం అన్న మాటే లేదు, ఎవరి పాట వారే పాడుకోవాలి. నాటకాలలో గొంతు పండినవాళ్ళు కాబట్టి పాడగలిగారు. పల్లెటూళ్ళ నుంచి బండ్లు కట్టుకుని జనం పట్నాలకు వెళ్ళి చూశారన్నది ఆ సినిమా గురించి అందరూ చెప్పుకునే మాట. మా నాయన తరంవారికి లవకుశ అంటే అదే.

అందుకే 1963లో రెండవది వచ్చినప్పుడు ముత్తుకూరు రచ్చబండ మీద కూర్చున్న పెద్దలు ఏమన్నారో నాకు బాగా జ్ఞాపకం. అప్పుడు నాకు పదమూడేళ్ళు. “రంగులు బాగున్నయిగాని, పాత సుబ్బారావు పద్యం ముందర ఏం నిలుస్తుందిరా అబ్బీ! ఒకరు నోరు ఆడిస్తే ఇంకొకరు పాడతారంటనే” అని ఒకాయన తీర్పు చెప్పేశాడు. ఇంకొకరు పాడటమంటే ఘంటసాల గారు పాడటమని వేరే చెప్పనక్కరలేదు. ఆ పెద్దాయన తీర్పును కాలం కొట్టివేసింది. కనుక మూడవ దాని మీద మన తీర్పులు కూడా కొంచెం జాగ్రత్తగా వ్రాసుకోవడం మంచిది.

రెండవ లవకుశ పుట్టుక కథ మన ప్రభుత్వ ఫైలు నడకలాంటిది. 1958లో మొదలుపెట్టారు. నిర్మాత ఎ. శంకరరెడ్డి గారు, సంస్థ లలితా శివజ్యోతి. దర్శకుడు మళ్ళీ ఆ పుల్లయ్య గారే, అప్పటికి అరవై ఏళ్ళ మనిషి. రంగుల ఫిల్ము ఖర్చు, తెలుగుతోపాటు తమిళంలో కూడా తీయాలన్న సంకల్పం, రెండూ కలిసి డబ్బు చాలక పని ఆగిపోయింది. మళ్ళీ మొదలయ్యే నాటికి పుల్లయ్య గారి ఆరోగ్యం సహకరించలేదు. కుమారుడు సి.ఎస్. రావు గారు అందుకుని పూర్తి చేశారు. 1963 మార్చి 29న విడుదలయింది. తెలుగులో మొదటినుంచి చివరిదాకా రంగులలో వచ్చిన మొదటి చిత్రం అదే. 208 నిమిషాల నిడివి. 26 కేంద్రాలలో వంద రోజులు ఆడింది. కోటి రూపాయలు వసూలు చేసిన తొలి తెలుగు చిత్రమని పేరు తెచ్చుకున్నది. నేల టిక్కెట్టు పావలా ఉన్న రోజులలో కోటి రూపాయలంటే ఎన్ని పావలాలో లెక్కల విభాగంలో పనిచేసిన మిత్రులు వేసుకోగలరు.

ముప్పైకి పైగా పాటలూ పద్యాలూ ఉన్నాయి ఆ సినిమాలో. సముద్రాల సీనియర్ గారు, సదాశివబ్రహ్మం గారు, కొసరాజు గారు వ్రాశారు. ఘంటసాల గారు సంగీతం కూర్చారు. ఆయన తెలివి ఎక్కడుందంటే, హరికథ వినేవాడికి, నాటకం చూసేవాడికి, బుర్రకథ వినేవాడికి, ముగ్గురికీ పరిచయమైన వరసలనే సినిమా కొలతకు కత్తిరించారు. లవకుశులకు పి. లీల గారు, పి. సుశీల గారు పాడారు. పిల్లల నోట ఆడవాళ్ళ గొంతు వినబడుతుందని పట్టుకుని చూస్తే తెలుస్తుందిగాని, సినిమా చూస్తున్నంతసేపూ ఎవరికీ ఆ ధ్యాస రాదు. ఇద్దరి గొంతులూ ఎక్కడ విడిపోతాయో ఎక్కడ కలుస్తాయో ఇప్పటికీ నాకు పూర్తిగా పట్టుబడలేదు.

మేము మొదట చూసింది నెల్లూరులో. ఇరవై కిలోమీటర్ల దూరానికి అప్పట్లో అది ప్రయాణమే. తరువాత కోతలైన కయ్యల్లో టూరింగ్ టాకీసు గుడారం వేసినప్పుడు ఊళ్ళోనే చూశాము. ఒకటే ప్రొజెక్టరు. రీలు రీలుకూ దీపాలు వెలిగేవి. అంజలీదేవి గారిని అడవిలో వదిలిపెట్టిన రీలు తరువాత దీపాలు వెలిగితే, నేల మీద కూర్చున్న ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా కొంగులతో కళ్ళు ఒత్తుకుంటూ కనిపించారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. మా అవ్వ మాత్రం ఏడవలేదు. “చాకలోడి మాట కాదురా, చుప్పనాతి చేసిన పని అది” అన్నది.

ఆ మాటకు అర్థం నాకు చాలా ఏళ్ళకుగాని తెలియలేదు. మన ఆడవాళ్ళు పాడుకునే రామాయణం పాటలలో కథ వేరు. శూర్పణఖ మారువేషంలో వచ్చి, రావణుడి బొమ్మ గీసిపెట్టమని సీతను అడుగుతుంది. తల ఎత్తి వాణ్ణి చూసినదాన్ని కాను, కాలి బొటనవేలు మాత్రమే చూశానని సీత ఆ వేలు గీస్తుంది. మిగతా బొమ్మ శూర్పణఖ పూర్తి చేస్తుంది. ఆ పటం ఇంట్లో దొరకడమే సీతకు ముప్పు తెస్తుంది. సినిమాలలో ఈ కథ లేదు. అవ్వ తెర మీది కథను ఒప్పుకోలేదు, అంతే.

ఇంతకూ ఆ చాకలివాడి సంగతి. రెండవ లవకుశలో రేలంగి గారు, గిరిజ గారు ఆ దంపతులు. మూడవదానిలో బ్రహ్మానందం గారు. జనం నవ్వుకుంటారు, తరువాత తిట్టుకుంటారు. కానీ వాల్మీకి ఉత్తరకాండలో చాకలివాడు లేనే లేడు. భద్రుడనేవాడు రాముడి కొలువులో కూర్చుని, రాముడు అడగ్గా, వీధులలో అంగళ్ళలో జనం ఇట్లా అనుకుంటున్నారు అని చెబుతాడు. అనుకున్నది ఊరంతా. ఒక్క మనిషి కాదు. చాకలి తరువాత వచ్చిన కథలలో చేరాడు. ఊరంతా అన్న మాటను తెచ్చి ఒక్క కులంవాడి నెత్తిన పెట్టడం మనవాళ్ళకు ఎంత సులువైపోయిందో చూడండి. మూడు సినిమాలు తీసినా ఆ బరువు అతని నెత్తి మీది నుంచి దిగలేదు. మూడవదాన్ని తీసినవారు బాగా చదువుకున్నవారు, దించి ఉండవలసింది అని నా అభిప్రాయం.

లవకుశులు తండ్రితో చేసే యుద్ధం కూడా అటువంటిదే. వాల్మీకంలో ఆ పిల్లలు అశ్వమేధం జరిగేచోట రామాయణం పాడతారుగాని గుర్రాన్ని కట్టెయ్యరు. గుర్రం, యుద్ధం పద్మపురాణం నుంచి, జైమిని భారతం నుంచి వచ్చాయి. పిల్లల చేతిలో పెద్దవాళ్ళు ఓడిపోతుంటే చూడటం ఏ కాలంలోనైనా జనానికి ఇష్టమే కనుక దాన్ని ఏ సినిమావారూ వదులుకోరు.

నాకు మాత్రం ఈ కథలో ఎప్పుడూ గుచ్చుకునేది ఇంకొకటి. ముప్పై ఆరేళ్ళు ఆఫీసులో నోట్లు వ్రాసినవాణ్ణి, నా కన్ను అటే పోతుంది. సీతమ్మ మీద ఆరోపణ వచ్చింది. నోటి మాటగా వచ్చింది, సంతకం లేని పిటిషను వంటిది. విచారణ జరిపారా? లేదు. సంజాయిషీ అడిగారా? లేదు. అంతకు ముందు లంకలో ఒకసారి అగ్నిపరీక్ష జరిగి, నిర్దోషి అని తేలి, ఫైలు మూసేసిన కేసు అది. మూసిన ఫైలును కొత్త ఆధారమేమీ లేకుండా మళ్ళీ తెరిచారు. తమ్ముళ్ళను పిలిచి, ఈ విషయంలో నాకు ఎదురు చెప్పవద్దు అన్నారు. ఆర్డరు నోటితోనే. అమలు చేయవలసినది లక్ష్మణుడు. శిక్ష పడుతున్నదని శిక్ష పడేవారికి గంగ దాటిందాకా తెలియదు. మునుల ఆశ్రమాలు చూడాలని తానే కోరుకున్నది కాబట్టి చూపించడానికి తీసుకుపోతున్నారని ఆమె అనుకున్నది. ఆమె నిండు గర్భిణి.

మన రాజ్యాంగం 311వ అధికరణం ప్రకారం, తన మీద వచ్చిన అభియోగమేమిటో చెప్పి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఒక ప్రభుత్వ ఉద్యోగిని తీసివేయడానికి వీలులేదు. ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల క్రమశిక్షణ నియమాలు 1963లో వచ్చాయి. రంగుల లవకుశ కూడా ఆ ఏడాదే వచ్చింది. కాకతాళీయమేగాని, నాకు నవ్వు వస్తుంది. (1991లో ఆ నియమాలను తిరగవ్రాశారు. అదీ ఒక రకం రీమేకే.) బంట్రోతుకు దొరికిన రక్షణ మహారాణికి దొరకలేదు.

ఇది రాముణ్ణి తప్పుపట్టడం కాదు. భక్తులైన మిత్రులు కోపగించుకోవద్దు. పూర్వకవులే ఈ ఘట్టం దగ్గర ఇబ్బంది పడ్డారు. భవభూతి తన నాటకంలో చివరికి సీతారాములను కలిపేశాడు. మన నెల్లూరు సంగతి చూస్తే, ఉత్తర రామకథను తెలుగు చేసిన తిక్కన గారు మనుమసిద్ధి ఆస్థానంలో ఉండి నిర్వచనోత్తర రామాయణం వ్రాసి ఆ రాజుకే అంకితమిచ్చారు. ఒక్క వచనం లేకుండా అంతా పద్యాలలోనే నడిపారు. కానీ రాముడు అవతారం చాలించే ఘట్టం ఆయన వ్రాయలేదు. అటు తరువాత ఉత్తర రామాయణం వ్రాసిన కంకంటి పాపరాజు కూడా నెల్లూరు సీమవాడే. తెలుగువారికి ఈ కథ మీద ఇంత మమకారం కలగడానికి పెన్న నీళ్ళలో ఏదో ఉన్నదని నేను మా ఊరివాళ్ళతో సరదాగా అంటుంటాను.

ఇక మూడవది. 2011 నవంబరు 17న విడుదలయింది. నవంబరు అంటే అప్పట్లో మనం ఇంకా బతికే ఉన్నామని సంతకాలు పెట్టే నెల కదా, సబ్ ట్రెజరీ వరండాలో ఆ ఏడాది ఇదే చర్చ. నిర్మాత యలమంచిలి సాయిబాబు గారు. బాపు గారు దర్శకత్వం, ముళ్ళపూడి వెంకటరమణ గారు రచన. ఎన్టీఆర్ గారి రాముడి వేషం వారి కుమారుడు బాలకృష్ణ గారు వేశారు. అక్కినేని నాగేశ్వరరావు గారు వాల్మీకి, నయనతార గారు సీత, శ్రీకాంత్ గారు లక్ష్మణుడు, రోజా గారు భూదేవి. పాటలు జొన్నవిత్తుల గారివి, సంగీతం ఇళయరాజా గారిది.

ఈ జాబితాలో వయసులు చూడండి. బాపు గారికి అప్పటికి 77 దాటింది. అక్కినేని గారికి 87. రమణ గారు 79వ ఏట, 2011 ఫిబ్రవరి 24న, సినిమా విడుదల చూడకుండానే కన్నుమూశారు. మనకు 58కో 60కో పూలదండ వేసి, శాలువా కప్పి, గోడ గడియారం చేతికిచ్చి పంపేశారు. వాళ్ళేమో ఆ వయసులో తమ జీవితంలో అతి పెద్ద పని ఎత్తుకున్నారు. ఇది కుర్రవాళ్ళు పాతదాన్ని పాడుచేసిన సందర్భం కాదు. 1963 లవకుశను నడి యవ్వనంలో చూసినవాళ్ళే దాన్ని మళ్ళీ చెప్పారు. బాపు రమణలకు రాముడు కొత్త కాదు. 1971లో సంపూర్ణ రామాయణం, 1976లో సీతాకల్యాణం తీసినవారు. పెళ్ళి దాకా ఒకసారి, పట్టాభిషేకం దాకా ఒకసారి చెప్పి, మిగిలిపోయిన కష్టమైన భాగాన్ని చివరకు చెప్పారు.

ఏమి మార్చారు? పద్యం బాగా వెనక్కి తగ్గింది. ముప్పైకి పైగా ఉన్నచోట పదిహేను పాటలు అయ్యాయి. అవి కూడా వాద్యగోష్ఠి వెనుక నడిచే పాటలు, హార్మోనియం ముందు పెట్టుకుని రాగం తీసేవి కావు. నాకు ఇదే పెద్ద లోటుగా తోచింది. పద్యంలో కోపమూ దుఃఖమూ ఆగి నిలబడతాయి. వినేవాడికి అర్థం చేసుకునే వ్యవధి ఇస్తాయి. పాటలో అవి జారిపోతాయి. అయితే నా మనుమరాలికి పద్యం వస్తే చెవి మూసుకుంటుంది, ఇళయరాజా గారి పాట వస్తే తలూపుతుంది. ఆమెకు కథ చేరవలసిన దారి అదేనేమో. పట్టాభిషేకపు పాటను శ్రేయా ఘోషల్ గారితో కలిసి పాడినది మన నెల్లూరు బాలసుబ్రహ్మణ్యం గారే. తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని 2020లో వేదపాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చి, ఆ సెప్టెంబరు 25న వెళ్ళిపోయారు. ఆ పాట టీవీలో వచ్చినప్పుడల్లా మా వీధిలో ఎవరో ఒకరు ఆ ఇంటి సంగతి ఎత్తుతారు.

ఇంకొక కొత్త సంగతి. హనుమంతుడు పిల్లవాడి రూపంలో ఆశ్రమానికి వచ్చి సీతమ్మను కనిపెట్టుకుని ఉంటాడు. ఏ కావ్యంలోనూ నేను చదవలేదు. చాదస్తులు కొందరు ఒప్పుకోలేదుగాని నాకు నచ్చింది. రాముడు వదిలేసినా రాముడి బంటు వదలలేదు అని చెప్పడం రమణ గారి ఉద్దేశం కావచ్చు. అదే చోట మా ఇంటామె “ఒక్కడైనా ఉన్నాడు” అని పైకే అన్నది.

సీత వేషం గురించి జరిగిన గొడవ మాత్రం ఇక్కడ వ్రాయక తప్పదు. నయనతార గారి సొంత జీవితం గురించి పత్రికలలో వచ్చిన రాతలు చూపించి, ఈమె సీత వేయడమేమిటని కొందరు పెద్దమనుషులు అభ్యంతరం చెప్పారు. ఊరి మాట విని సీతను అడవికి పంపిన కథను తీస్తుంటే, ఊరి మాట విని సీత వేషధారిని పంపించమన్నారన్నమాట! వాళ్ళు ఆ కథలో నుంచి ఏమి గ్రహించినట్లు? అంజలీదేవి గారు కూడా 1947 నాటి గొల్లభామలో మోహిని వేషంతో, నాట్యాలతో పేరు తెచ్చుకున్న నటే. అదే అంజలీదేవి గారికి లవకుశ తరువాత పల్లెల్లో ఆడవాళ్ళు సీతమ్మ అని దండాలు పెట్టారు. నయనతార గారికి ఆ ఏడాది ఉత్తమ నటిగా నంది బహుమతి వచ్చింది, చిత్రానికి బంగారు నంది వచ్చింది. ఆమె మాటలు గాయని సునీత గారు చెప్పారు. 1934లో సీత తన పాట తానే పాడుకున్నది. 1963లో సీత పాట ఇంకొకరు పాడారు. 2011లో సీత మాట కూడా ఇంకొకరే పలికారు. అయినా ఆ ముఖంలో ఉన్న నిబ్బరం అరువు తెచ్చుకున్నది కాదు. ఏడుపు తక్కువ, ప్రశ్న ఎక్కువ. అంజలీదేవి గారి సీతను చూస్తే జాలి కలుగుతుంది. ఈమెను చూస్తే సిగ్గు కలుగుతుంది, మనమంతా ఆ ఊరివాళ్ళమే కదా అని.

బాలకృష్ణ గారి గురించి అడుగుతారు. తండ్రితో పోల్చి కొలవడం ఏ కొడుక్కీ న్యాయం కాదు, మన ఇళ్ళలోనూ అంతే. ఎన్టీఆర్ గారు తెర మీదికి వస్తే రాముడు వచ్చినట్టే. ఆయన బాధపడుతున్నప్పుడు కూడా దేవుడే కనిపిస్తాడు. ఈయన బాధపడితే ఒక మనిషి కనిపించాడు. ఈ కథకు అది కొంత మేలే చేసింది. అక్కినేని గారి వాల్మీకి మాత్రం పూర్తిగా వేరే దారి. నాగయ్య గారి వాల్మీకి తపస్వి. ఈయన ఇంట్లో తాతయ్య.

2014వ సంవత్సరం ఈ రెండు సినిమాలకూ గడ్డు సంవత్సరం. జనవరి 13న అంజలీదేవి గారు, 22న అక్కినేని గారు, ఆగస్టు 31న బాపు గారు వెళ్ళిపోయారు. పాత సీత, కొత్త వాల్మీకి తొమ్మిది రోజుల తేడాలో.

మన ఊరూ మారిపోయింది. గుడారం వేసిన కయ్యల పక్క నుంచే ఇప్పుడు కృష్ణపట్నం రేవుకు బొగ్గు లారీలు తిరుగుతుంటాయి. ఒరియా, బీహారీ కూలీలు టీ అంగడి దగ్గర ఫోనులో సినిమాలు చూస్తుంటారు. వారి రామాయణంలోనూ సీతను అడవికి పంపుతారా అని ఒకతన్ని అడిగాను. పంపుతారన్నాడు. ఎవరి మాట విని అని అడిగితే, “ధోబీ” అన్నాడు. అక్కడ కూడా అతనేనన్నమాట.

కార్యవర్గానికి ఒక మనవి. వచ్చే శ్రీరామనవమికి సంఘం హాలులో ఈ రెండు సినిమాలూ రెండు రోజులు వేయిస్తే బాగుంటుంది. మొదటి రోజు పాతది, రెండవ రోజు కొత్తది. మనుమలను, మనుమరాళ్ళను కూడా తీసుకురమ్మని నోటీసులో వ్రాయాలి. పాతది దాదాపు మూడున్నర గంటలు కనుక ఉదయం తొమ్మిదిన్నరకే మొదలుపెట్టాలి. షుగరు ఉన్నవారికి మధ్యలో టిఫిను ఏర్పాటు ఉండాలి. టిఫిను ఖర్చులో నా వంతు రెండు వందలు కోశాధికారి గారికి ముందుగానే ఇస్తాను.